ఒక ప్రోగ్రాం మరొక ప్రోగ్రాంను పిలిచే వేళ: కొత్త విద్యార్థులు ముందే తెలుసుకోవలసిన సంగతులు

పుదుచ్చేరి పట్టణంలో సముద్రతీరం వెంట ఉత్తర దిశగా నడిస్తే, ఫ్రెంచివారి కాలంనాటి వీధులు ముగిసిన కొద్ది దూరంలోనే కురుచికుప్పం వస్తుంది. పేరు చివర ఉన్న 'కుప్పం' తమిళ తీరమంతటా మత్స్యకారుల పేటలకు వినిపించే మాటే. ఇటువంటి పేటల నుంచి హయ్యర్ సెకండరీ తరగతులకు వెళ్లి కంప్యూటర్ సైన్సు ఎంచుకొన్న విద్యార్థులకు ఒక ఆసక్తికరమైన పాఠం ఎదురవుతూ వచ్చింది. అందులో పైథాన్ భాషలో రాసిన ఒక చిన్న స్క్రిప్టు, సి ప్లస్ ప్లస్ భాషలో రాసిన మరొక ప్రోగ్రాంను సిద్ధం చేయించి, దానిని నడిపిస్తుంది.

తమిళనాడులో 2019లో వెలువడిన పన్నెండవ తరగతి కంప్యూటర్ సైన్సు పాఠ్యపుస్తకంలో ఇది 14వ అధ్యాయం. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతానికి సొంత పాఠశాల బోర్డు లేదు. అందువల్ల పుదుచ్చేరి, కారైకాల్ ప్రాంతాలు తమిళనాడు పాఠ్యప్రణాళికను, మాహే కేరళ ప్రణాళికను, తెలుగువారి యానాం ఆంధ్రప్రదేశ్ ప్రణాళికను అనుసరిస్తూ వచ్చాయి. 2023-24 విద్యా సంవత్సరం నుంచి ఈ ప్రాంతపు ప్రభుత్వ పాఠశాలలు సీబీఎస్ఈ విధానంలోకి మారడం ప్రారంభించాయి. సీబీఎస్ఈ కంప్యూటర్ సైన్సు సైతం పైథాన్ మీదనే ఆధారపడింది.

పుస్తకం మారినా, ఆ అధ్యాయం లేవనెత్తిన ప్రశ్న ఎక్కడికీ పోలేదు. ప్రోగ్రాములు రాయడం నేర్చుకొనే ప్రతి విద్యార్థికీ ఏదో ఒక రోజు, తన స్క్రిప్టు నుంచి నోట్‌ప్యాడ్‌నో, బ్రౌజర్‌నో, కంపైలర్‌నో తెరవాలనే కోరిక కలుగుతుంది. ఒక్క వరుస రాస్తే ఆ పని జరుగుతుంది. కానీ ఆ ఒక్క వరుసలో విద్యార్థి తన అధికారాన్ని వేరొక ప్రోగ్రాంకు అప్పగిస్తున్నాడు. ఎవరికి అప్పగించాడు, ఏ మాటలతో అప్పగించాడు, తిరిగి ఏ సమాధానం వచ్చింది అన్న మూడు విషయాలు తెలియకపోతే, పరీక్షలో తప్పుడు జవాబు మొదలుకొని ఫైళ్లు పోగొట్టుకోవడం దాకా ఏమైనా జరగవచ్చు.

పాఠంలోని స్క్రిప్టు చేసే పని

పాఠ్యపుస్తకంలోని స్క్రిప్టు పనితీరు తేలికైనది. విద్యార్థి తన సి ప్లస్ ప్లస్ ఫైల్ పేరును అందిస్తాడు. స్క్రిప్టు ఆ పేరుకు 'సిపిపి' అనే తోకను తగిలించి ఒక పేరు, 'ఈఎక్స్ఈ' అనే తోకను తగిలించి మరొక పేరు తయారు చేసుకొంటుంది. తరువాత 'జి ప్లస్ ప్లస్' అనే కంపైలర్ పేరునూ ఈ రెండు ఫైళ్ల పేర్లనూ కలిపి ఒకే పొడవాటి వాక్యంగా కూర్చుతుంది. ఆ వాక్యాన్ని 'ఓఎస్.సిస్టమ్' అనే ఆదేశానికి అందిస్తుంది. కంపైలర్ పని ముగించిన తరువాత, అదే ఆదేశంతో కొత్తగా తయారైన ప్రోగ్రాంను నడుపుతుంది.

ఇందులో పైథాన్ స్వయంగా సి ప్లస్ ప్లస్‌ను అర్థం చేసుకోవడం లేదు. ఆపరేటింగ్ సిస్టమ్‌ను సహాయం కోరుతోంది. ఆపరేటింగ్ సిస్టమ్ కొత్త ప్రోగ్రాంకు మెమరీలో వేరుగా చోటు కేటాయించి, ఒక సంఖ్యను ఇచ్చి నడిపిస్తుంది. ఇలా నడుస్తున్న ప్రోగ్రాంనే 'ప్రాసెస్' అంటారు. పిలిచినది తల్లి ప్రాసెస్, పిలుపుతో పుట్టినది పిల్ల ప్రాసెస్. తల్లికి ఏ ఫైళ్లను చదివే, మార్చే, తుడిచివేసే హక్కు ఉన్నదో, సాధారణంగా పిల్లకూ అదే హక్కు సంక్రమిస్తుంది. ఈ వారసత్వమే సౌకర్యానికీ ప్రమాదానికీ మూలం.

షెల్ అనే దుబాసీ

'ఓఎస్.సిస్టమ్' పిలుపు నేరుగా కంపైలర్‌కు చేరదు. మధ్యలో 'షెల్' అనే మరొక ప్రోగ్రాం ఉంటుంది. విండోస్‌లో దానిని కమాండ్ ప్రాంప్ట్ రూపంలో చాలామంది చూసే ఉంటారు. వాక్యాన్ని చదివి, పదాలుగా విడదీసి, ఏది ప్రోగ్రాం పేరో, ఏది ఫైల్ పేరో నిర్ణయించేది షెల్.

పుదుచ్చేరి చరిత్రలో దీనికి దగ్గరి పోలిక ఉంది. ఫ్రెంచి గవర్నర్ డూప్లే కాలంలో ఆనందరంగ పిళ్లై (1709-1761) ప్రధాన దుబాసీగా పనిచేశారు. తమిళంలో దినచర్యలు రాసుకొన్న ఆయనే, తెలుగులో కస్తూరి రంగకవి రచించిన 'ఆనందరంగరాట్ఛందము' అనే లక్షణ గ్రంథానికి కృతిభర్త కూడా. దుబాసీ అంటే రెండు భాషలు తెలిసినవాడు. ఒకరి మాటను మరొకరికి చేరవేసే ముందు దానికి అర్థం చెప్పుకొనేది దుబాసీయే. మాట అస్పష్టంగా ఉంటే అర్థం మారిపోతుంది. షెల్ విషయంలోనూ అంతే. అయితే సందేహం వస్తే మనిషి తిరిగి అడుగుతాడు, షెల్ అడగదు. తన నియమాల ప్రకారం అర్థం చెప్పుకొని వెంటనే అమలు చేస్తుంది.

విద్యార్థి తన ఫైల్‌కు 'నా లెక్క' అని, రెండు పదాల మధ్య ఖాళీ వదిలి పేరు పెట్టాడనుకొంటే, షెల్ దానిని రెండు వేర్వేరు ఫైళ్లుగా చదువుతుంది. కంపైలర్ ఆ పేర్లతో ఫైళ్లు లేవని చెబుతుంది. ఫైల్ కళ్లెదుట కనిపిస్తున్నా లేదనే సమాధానం రావడంతో విద్యార్థి అయోమయంలో పడతాడు.

ఇంతకంటే తీవ్రమైనది 'అండ్' గుర్తు వల్ల వచ్చే చిక్కు. విండోస్ ఫైళ్ల పేర్లలో ఈ గుర్తును అనుమతిస్తుంది. కానీ షెల్ దృష్టిలో దాని అర్థం వేరు: అక్కడికి ఒక ఆదేశం ముగిసింది, ఆ తరువాత ఉన్నది మరొక ఆదేశం. కూడిక, తీసివేత అనే రెండు మాటల మధ్య ఆ గుర్తు ఉంచి ఒక విద్యార్థి అమాయకంగా ఫైల్‌కు పేరు పెట్టినా, 'తీసివేత' నుంచి మొదలయ్యే భాగాన్ని షెల్ కొత్త ఆదేశంగా భావిస్తుంది. ఆ పేరుతో నిజంగానే ఒక ప్రోగ్రాం ఉంటే అది నడుస్తుంది. ఫైళ్లను తుడిచివేసే ఆదేశమే అక్కడ ఉంటే అదీ అమలవుతుంది.

తన ఫైల్‌కు తానే పేరు పెట్టుకొని, తానే నడుపుకొనే విద్యార్థికి ఈ ముప్పు స్వల్పం. పేర్లు ఇతరుల నుంచి వచ్చినప్పుడు పరిస్థితి మారుతుంది. తరగతిలోని నలభై మంది ఫైళ్లను ఒకే ఫోల్డర్‌లోకి చేర్చి, ఒక్కొక్కటిగా నడిపే స్క్రిప్టును ఉపాధ్యాయుడు రాసుకొన్నప్పుడు, ఆ నలభై పేర్లూ ఆయన కంప్యూటర్‌లో ఆదేశాలుగా మారే అవకాశం ఉంది. వెబ్‌సైట్‌లోని దరఖాస్తు పత్రం నుంచి వచ్చిన మాటను ఇలాగే షెల్‌కు అందిస్తే, అపరిచితులు సైతం ఆ సర్వర్‌కు ఆదేశాలు ఇవ్వగలరు. భద్రతా నిపుణులు దీనిని 'కమాండ్ ఇంజెక్షన్' అంటారు. వెబ్ భద్రత కోసం పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఓవాస్ప్ ప్రకటించే 10 ప్రధాన ముప్పుల జాబితాలో, ఇటువంటి ఇంజెక్షన్ లోపాలు 2010, 2013, 2017 సంవత్సరాల్లో మొదటి స్థానంలో నిలిచాయి.

షెల్‌లోనే లోపం ఉంటే ఏమవుతుందో 2014 సెప్టెంబరులో ప్రపంచం చూసింది. లినక్స్ సర్వర్లలో విస్తృతంగా వాడే 'బాష్' షెల్‌లో 'షెల్‌షాక్' అనే లోపం బయటపడింది. సుమారు 25 ఏళ్లుగా అది ఎవరి కంటా పడకుండా ఉండిపోయింది. వెబ్ సర్వర్లు తమకు వచ్చిన సమాచారాన్ని షెల్ వరకు చేరనిచ్చిన చోటల్లా దాడులకు దారి ఏర్పడింది.

వాక్యం బదులు జాబితా

ఈ చిక్కుకు పరిష్కారం పైథాన్‌లోనే ఉంది. 2004 నవంబరులో విడుదలైన పైథాన్ 2.4తో 'సబ్‌ప్రాసెస్' అనే మాడ్యూల్ వచ్చింది. 2015లో విడుదలైన 3.5తో దానికి 'రన్' అనే సులభమైన రూపం చేరింది. 'ఓఎస్.సిస్టమ్' కంటే సబ్‌ప్రాసెస్‌ను వాడడమే మేలని పైథాన్ అధికారిక పత్రాలు కూడా సూచిస్తున్నాయి.

ఇక్కడ పొడవాటి వాక్యాన్ని కూర్చవలసిన పని లేదు. చెప్పదలచిన దానిని ఒక జాబితాగా ఇవ్వాలి. కంపైలర్ పేరు మొదటి అంశం. సి ప్లస్ ప్లస్ ఫైల్ పేరు రెండవది. ఫలితాన్ని ఎక్కడ ఉంచాలో చెప్పే గుర్తు మూడవది. తయారు కావలసిన ఫైల్ పేరు నాలుగవది. మధ్యలో దుబాసీ ఉండడు. ఫైల్ పేరులో ఖాళీ ఉన్నా, 'అండ్' గుర్తు ఉన్నా అది ఒకే పేరుగా కంపైలర్‌కు చేరుతుంది.

కొత్తవారిని తికమకపెట్టే సంగతి ఒకటి ఇక్కడే ఎదురవుతుంది. విండోస్‌లో ఫోల్డర్‌లోని ఫైళ్ల పేర్లను చూపే 'డిఐఆర్' ఆదేశాన్ని జాబితా పద్ధతిలో పిలిస్తే, అటువంటి ఫైల్ లేదని పైథాన్ చెబుతుంది. కారణం, అది విడిగా ఉన్న ప్రోగ్రాం కాదు. షెల్ లోపలే ఉన్న ఆదేశం. అప్పుడు చాలామంది 'షెల్ = ట్రూ' అనే మాటను చేర్చి పని కానిస్తారు. ఆ మాటతో దుబాసీ మళ్లీ మధ్యలోకి వస్తాడు, పాత ప్రమాదాలన్నీ ఆయన వెంటే వస్తాయి. ఫైళ్ల జాబితా వంటి పనులకు పైథాన్‌లోనే సాధనాలు ఉన్నాయి కనుక షెల్‌ను ఆశ్రయించవలసిన అవసరం అరుదు.

జాబితా పద్ధతి సర్వరోగ నివారిణి కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. పిలుపును అది సరిగా చేరవేస్తుంది, అంతే. పిలిచిన ప్రోగ్రాంలోనే హాని చేసే ఆదేశాలు ఉంటే వాటిని అది ఆపలేదు. అపరిచితులు రాసిన ప్రోగ్రాంను ఏ పద్ధతిలో నడిపినా, అది నడిపినవారి హక్కులతోనే నడుస్తుంది.

ఆగాలా, ముందుకు సాగాలా?

'సబ్‌ప్రాసెస్.రన్' పిలిచిన ప్రోగ్రాం ముగిసేవరకు వేచి ఉంటుంది. కంపైలర్ విషయంలో అదే కావాలి. అది పని ముగించకముందే ఫలితాన్ని నడపడం కుదరదు. నోట్‌ప్యాడ్‌ను ఇలాగే తెరిస్తే మాత్రం, దాని కిటికీని మూసేవరకు స్క్రిప్టు కదలదు. కంప్యూటర్ స్తంభించిందని కొత్తవారు పొరబడేది ఇటువంటి చోటే. స్క్రిప్టు ముందుకు సాగాలంటే 'పీఓపెన్' అనే రూపాన్ని వాడాలి. అది ప్రోగ్రాంను ప్రారంభించి, వెంటనే తరువాతి వరుసకు వెళుతుంది.

వేచి ఉండడానికి ఒక హద్దు కూడా అవసరం. విద్యార్థి రాసిన ప్రోగ్రాంలో ఎన్నటికీ ముగియని లూప్ ఉంటే, దానిని పిలిచిన స్క్రిప్టు కూడా ఎన్నటికీ ముగియదు. 'టైమవుట్' అనే మాటతో సెకన్ల సంఖ్యను ఇస్తే, ఆ గడువు దాటగానే పిల్ల ప్రాసెస్ ఆగిపోయి, సంగతి తల్లికి తెలుస్తుంది. నలభై ఫైళ్లను వరుసగా పరీక్షించే ఉపాధ్యాయుడికి ఇది తప్పనిసరి. లేకపోతే మూడవ ఫైల్‌లో లూప్ చిక్కుకొన్నప్పుడు మిగిలిన ముప్పై ఏడు ఫైళ్లూ అలాగే నిలిచిపోతాయి.

సున్నా చెప్పే సంగతి

ప్రతి ప్రోగ్రాం ముగుస్తూ ఒక సంఖ్యను వదిలి వెళుతుంది. సున్నా అయితే పని సవ్యంగా జరిగినట్టు. వేరే సంఖ్య అయితే ఏదో పొరపాటు జరిగినట్టు. ఇది దశాబ్దాలుగా కొనసాగుతున్న సంప్రదాయం.

పాఠ్యపుస్తకంలోని స్క్రిప్టు పరిచయ పాఠం కోసం రాసినది. అందులో ఈ సంఖ్యను పరిశీలించే ఏర్పాటు లేదు. దాని పర్యవసానం మాత్రం గమనించదగినది. ఒక విద్యార్థి తన ప్రోగ్రాంను మొదటిసారి విజయవంతంగా నడిపాడు. తరువాత లెక్కలో మార్పు చేస్తూ ఒక చోట సెమికోలన్ మరచిపోయాడు. కంపైలర్ తప్పును చూపి ఆగిపోతుంది; కొత్త ఫైల్ తయారు కాదు. కానీ స్క్రిప్టు తరువాతి వరుసకు వెళ్లి, అంతకుముందు తయారైన పాత ఫైల్‌నే నడుపుతుంది. తెర మీద పాత జవాబే వస్తుంది. తప్పును చూపిన వరుసలు పైకి జరిగిపోతే, తాను చేసిన మార్పుకు ఫలితం లేదని విద్యార్థి భావిస్తాడు. ప్రయోగ పరీక్షలో అయితే ఆ కొద్ది నిమిషాల విలువ ఎక్కువ.

సబ్‌ప్రాసెస్‌లో 'చెక్ = ట్రూ' అని చేరిస్తే, సున్నా కాని సంఖ్య రాగానే స్క్రిప్టు అక్కడే ఆగి తప్పును తెలియజేస్తుంది. పాత ఫైల్ నడిచే ప్రసక్తి ఉండదు.

పిలుపు ఎవరికి అందుతుంది?

ప్రోగ్రాం పేరు మాత్రమే చెబితే, ఆపరేటింగ్ సిస్టమ్ దానిని కొన్ని నిర్ణీత ఫోల్డర్లలో వెదుకుతుంది. ఆ ఫోల్డర్ల వరుసకు 'పాత్' అని పేరు. కంపైలర్‌ను స్థాపించినా దాని ఫోల్డర్‌ను పాత్‌లో చేర్చకపోతే, అది కంప్యూటర్‌లో ఉండి కూడా దొరకదు.

దీనికి మరొక పార్శ్వం కూడా ఉంది. విండోస్ సాధారణంగా ప్రస్తుత ఫోల్డర్‌లోనూ ప్రోగ్రాంను వెదుకుతుంది. డౌన్‌లోడ్ చేసిన ఫోల్డర్‌లో కంపైలర్ పేరుతోనే నకిలీ ఫైల్ ఉంటే పిలుపు దానికి అందవచ్చు. ముఖ్యమైన పనులకు ప్రోగ్రాం ఉన్న పూర్తి చిరునామాను రాయడం మేలు. విండోస్ చిరునామాల్లో వచ్చే వెనుకకు వాలిన గీతకు పైథాన్‌లో ప్రత్యేక అర్థం ఉన్నది. దాని తరువాత 'ఎన్' అక్షరం వస్తే పైథాన్ దానిని కొత్త వరుసగా చదువుతుంది. చిరునామాకు ముందు 'ఆర్' అక్షరం ఉంచితే ఈ ఇబ్బంది తొలగుతుంది.

ఫైల్‌ను తెరవడం వేరే సంగతి

కొన్నిసార్లు కావలసినది ఫలానా ప్రోగ్రాం కాదు, ఫలానా పత్రం. హైదరాబాద్‌లో 1999లో ఏర్పడిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, ఇన్‌కాయిస్, చేపలు లభించే అవకాశం ఉన్న ప్రాంతాల సూచనలనూ సముద్ర స్థితి అంచనాలనూ తెలుగు, తమిళం సహా తీరప్రాంత భాషల్లో అందిస్తోంది. కురుచికుప్పం వంటి పేటలో, వేటకు వెళ్లే తండ్రి కోసం ఉదయాన్నే ఆ పేజీ తానుగా తెరుచుకొనేలా ఒక విద్యార్థి స్క్రిప్టు రాయదలచితే, బ్రౌజర్ ఎక్కడ ఉన్నదో వెదకనక్కరలేదు. పైథాన్‌లోని 'వెబ్‌బ్రౌజర్' మాడ్యూల్‌కు చిరునామా ఇస్తే చాలు. విండోస్‌లో పత్రాన్ని తెరిచేందుకు 'ఓఎస్.స్టార్ట్‌ఫైల్' ఉంది. లినక్స్‌లో 'ఎక్స్‌డీజీ-ఓపెన్', మ్యాక్‌లో 'ఓపెన్' ఆ పని చేస్తాయి.

'స్టార్ట్‌ఫైల్' పిలుపు మౌస్‌తో రెండుసార్లు నొక్కడంతో సమానం. ఫైల్ పత్రమైతే తెరుచుకొంటుంది. ప్రోగ్రాం అయితే నడుస్తుంది. ఈ రెండింటి తేడాను మరుగుపరచిన దాడి 2000 మే నెలలో ప్రపంచాన్ని కుదిపివేసింది. ఫిలిప్పీన్స్ నుంచి మొదలైన 'ఐ లవ్ యూ' పురుగు ప్రేమలేఖ రూపంలో ఈ-మెయిల్‌కు జతగా వచ్చింది. ఫైల్ పేరులో మొదట 'టీఎక్స్‌టీ', చివర 'వీబీఎస్' అనే తోకలు ఉన్నాయి. విండోస్ చివరి తోకను దాచి చూపడంతో, అది మామూలు పాఠ్యమని భావించి లక్షలాది మంది తెరిచారు. నిజానికి అది ఒక స్క్రిప్టు. తెరవగానే అది ఫైళ్లను చెరిపి, చిరునామా పుస్తకంలోని వారందరికీ తనను తాను పంపుకొన్నది. ఆ స్క్రిప్టు భాషను క్రమంగా తొలగించనున్నట్టు మైక్రోసాఫ్ట్ 2023 అక్టోబరులో ప్రకటించింది.

మనిషి చేతనే ఆదేశం ఇప్పించే మోసం

ప్రోగ్రాములు రాయనివారికి కూడా ఈ పాఠం వర్తిస్తుంది. 2024 నుంచి 'క్లిక్‌ఫిక్స్' అనే మోసం వ్యాపిస్తోంది. ఏదో ఒక వెబ్ పేజీలో, 'మీరు మనిషేనని నిరూపించుకోండి' అనే పెట్టె కనిపిస్తుంది. విండోస్ మీటనూ 'ఆర్' మీటనూ కలిపి నొక్కమని, తరువాత 'కంట్రోల్', 'వి' మీటలు కలిపి నొక్కమని, చివరికి 'ఎంటర్' నొక్కమని సూచనలు వస్తాయి. మొదటి మెట్టుతో ప్రోగ్రాములను ప్రారంభించే విండోస్ పెట్టె తెరుచుకొంటుంది. రెండవ మెట్టుతో, ఆ పేజీ రహస్యంగా అందించిన ఆదేశం అందులోకి చేరుతుంది. మూడవ మెట్టుతో అది అమలవుతుంది. ఇతరులు రాసిన వాక్యాన్ని చదవకుండా షెల్‌కు చేరవేసిన స్క్రిప్టు ఏ తప్పు చేసిందో, ఇక్కడ మనిషి చేత అదే తప్పు చేయిస్తున్నారు.

మనిషినని నిరూపించుకోవడానికి ఆ పెట్టెను తెరవమని నమ్మదగిన వెబ్‌సైట్ ఏదీ అడగదు. ఇటువంటి సూచన కనిపిస్తే పేజీని మూసివేయాలి. డబ్బు పోగొట్టుకొన్నవారు ఆలస్యం చేయకుండా జాతీయ సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930కు ఫోన్ చేయవచ్చు.

14వ అధ్యాయంలోని స్క్రిప్టును ఈనాడు తిరిగి రాయదలచిన విద్యార్థికి కావలసిన మార్పులు ఎక్కువేమీ కావు. రెండు 'ఓఎస్.సిస్టమ్' పిలుపుల స్థానంలో రెండు 'సబ్‌ప్రాసెస్.రన్' పిలుపులు రాయాలి. పేర్లను వాక్యంగా అతికించకుండా జాబితాగా ఇవ్వాలి. కంపైలర్ పిలుపుకు 'చెక్ = ట్రూ', ప్రోగ్రాం పిలుపుకు 'టైమవుట్' చేర్చాలి. ఆ తరువాత ఒక సెమికోలన్‌ను కావాలనే తీసివేసి, స్క్రిప్టును మరొకసారి నడిపి చూడాలి. పాత జవాబు కనిపించకుండా స్క్రిప్టు కంపైలర్ దగ్గరే ఆగిపోతే, మార్పు సరిగా జరిగినట్టే.